లారెల్ పాయలో కదిలిన చెట్టు

పోటీ రోజు పొద్దున్నే రేవు దగ్గర ఉండే సందడంటే నాకు చాలా ఇష్టం. ఇష్టంగా ఉండేది అనాలి. బండ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి వస్తూ పడవల్ని నీళ్ళలోకి దించుతుంటాయి. ఎవడో ఒకడు పడవ అడుగున బిరడా పెట్టడం మర్చిపోతాడు, పడవలోకి నీళ్ళు బుడబుడమంటూ వచ్చేస్తాయి, అందరూ కలిసి ఏడాది పొడుగునా వాణ్ణి ఏడిపిస్తారు. కాఫీ వాసన, పెట్రోలు వాసన, తడిగడ్డి వాసన. ఆ అక్టోబరు శనివారం కూడా అలాగే మొదలైంది.

గార్లండ్ సైజ్‌మోర్ తన పికప్ బండి వెనక తలుపు దించి, వాళ్ళావిడ కాల్చి ఇచ్చిన రొట్టెలు పరిచాడు. లోపల సాసేజీ పెట్టినవి, ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"తినరా హోబర్ట్. సాయంత్రం ఓడిపోయాక ఎలాగూ నీకు తిండి సయించదు."

"నీ రొట్టె తిన్నాక గెలవడం కూడానా? కడుపులో లంగరు వేసుకుని వెళ్ళినట్టే" అన్నాను నేను.

అందరూ నవ్వారు. అంతలో నా బండి తలుపు చప్పుడైంది. నెల్డా దిగింది. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. గార్లండ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. జూన్ నుంచీ మా ఆవిడ ఎక్కడికి వెళ్ళినా ఇదే వరస.

మా సంఘంలో పోటీలు మార్చిలో మొదలై నెలకొక శనివారం చొప్పున జరుగుతాయి. జట్టుకి ఇద్దరు. పట్టిన బాస్ చేపల్లో పెద్దవి ఐదు ఏరుకుని, ప్రాణాలతో తెచ్చి తూకం వేయించాలి. ఏడాదంతా మార్కులు కలుపుతూ పోయి, అక్టోబరులో జరిగే ఆఖరి పోటీతో విజేత ఎవరో తేలుస్తారు. నేనూ నా బావమరిది రాండల్ కాగిలూ ఎన్నో ఏళ్ళుగా ఒక జట్టు. వారమంతా నేను ఇళ్ళకి గ్యాసు వేస్తూ తిరిగేవాణ్ణి, వాడు ఇళ్ళ కప్పులు వేస్తూ తిరిగేవాడు. శనివారం వచ్చిందంటే ఇద్దరం పడవలో ఉండేవాళ్ళం. వాడి నోటికి మూత ఉండేది కాదు. చేపలతో కూడా మాట్లాడేవాడు. "రండమ్మా రండి, మా బావ మంచోడు, ముద్దు పెట్టుకుని వదిలేస్తాడు" అనేవాడు. నవ్వలేక నా పొట్ట నొప్పి పుట్టేది.

జూన్‌లో ఒక గురువారం, చేపలు ఎక్కడున్నాయో ముందే చూసొస్తానని వాడు ఒక్కడే సరస్సు మీదకి వెళ్ళాడు. సాయంత్రానికి లారెల్ పాయలో వాడి పడవ దొరికింది. ఇంజను ఆపి ఉంది. లైఫ్ జాకెట్ సీటు మీద శుభ్రంగా మడతపెట్టి ఉంది. సగం తిన్న శాండ్‌విచ్ ఉంది. రాండల్ లేడు.

లారెల్ పాయ కింద అడవి ఉంది. డ్యాం కట్టినప్పుడు ఆ లోయలో చెట్లు కొట్టకుండా వదిలేశారు. నీళ్ళు వచ్చి అలాగే ముంచేశాయి. ఇప్పటికీ అడుగున అవి నిలువునా నిలబడే ఉన్నాయి. వెతకడానికి వేసిన కొక్కేలన్నీ వాటికే చిక్కుకున్నాయి. ఈతగాళ్ళు దిగారు. వాళ్ళలో ఒకతను మొదటిసారి పైకి రాగానే పడవెక్కి, ఒంటి మీది సామానంతా విప్పేసి, నేనిక దిగనన్నాడు. ఎందుకని అడిగితే నీళ్ళ వైపు చూశాడు. కొన్నాళ్ళకి వెతకడం ఆపేశారు.

తల్లి పోయాక రాండల్‌ని పెంచింది నెల్డానే. శవం లేదు గనక అంత్యక్రియలు లేవు. చావు జరిగిన ఇల్లని చర్చి వాళ్ళు కొన్నాళ్ళు కూరలు వండి తెచ్చి, తర్వాత అదీ మానేశారు. ఆగస్టులో ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "వాడి బదులు నేను కూర్చుంటాను హోబర్ట్. వాడి పోటీలు నేను పూర్తి చేస్తాను" అంది. మనసు కాస్త మళ్ళుతుందిలే అని సరేనన్నాను. సంఘం వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. అప్పటికి మేం రెండో స్థానంలో ఉన్నాం. గెలిచిన జట్టుకిచ్చే చెక్క చేప రాండల్ పేరు మీద ఇంటికి రావాలని అందరితో అనేది. కానీ ఆవిడకి కావలసింది చెక్క చేప కాదని నాకు తెలుసు. పడవలో కూర్చున్నంతసేపూ ఆవిడ చూపు నీళ్ళలోనే ఉండేది.

నాకు మాత్రం ఒక్కటే కోరిక. ఆ ఒక్క రోజూ గడిచిపోవాలి, నెల్డాని క్షేమంగా ఇంటికి తీసుకుపోవాలి. ఆ తర్వాత పడవ అమ్మేద్దామనుకున్నాను.

మేం పడవలు దించేసరికి పొగమంచు దిగింది. అక్టోబరులో మామూలే. నీళ్ళింకా వెచ్చగా ఉంటాయి, గాలి చల్లబడిపోతుంది. అయితే అంత దట్టంగా నేనెప్పుడూ చూడలేదు. మా పడవ ముందు భాగంలో కూర్చున్న నెల్డా వీపు కూడా మసకమసకగా ఉంది. చుట్టూ పడవల ఇంజన్లు గుర్రుగుర్రుమంటున్నాయి. ఒక్కటీ కనపడదు.

మామూలు రోజుల్లో పడవలు వరసగా, రేవులో నీళ్ళ మీదకి కట్టిన బల్లకట్టు ముందు నుంచి వెళ్తాయి. సంఘం పెద్ద రాయిస్ హ్యాట్‌మేకర్ అక్కడ నిలబడి ఒక్కో పడవలో ఇద్దరూ ఉన్నారా, జాకెట్లు వేసుకున్నారా అని చూసి చెయ్యి ఊపుతాడు. పొగమంచు రోజున చూడటానికి ఏముంటుంది? అందుకని మైకు పట్టుకుని పేర్లు పిలుస్తాడు. ఎవరి నోటితో వాళ్ళు పలకాలి. రెండు గొంతులూ వినపడితేనే ఆ పడవ కదలాలి. మా నాన్న రోజుల నుంచీ ఇదే పద్ధతి.

"హోబర్ట్ టిప్టన్!"

"ఉన్నా."

"రాండల్ కాగిల్!"

ఇంజన్ల మోత ఆగలేదు గానీ మనుషులు ఊపిరి బిగబట్టినట్టు తెలిసింది. పాపం రాయిస్. ఇన్నేళ్ళుగా మా ఇద్దరి పేర్లూ కలిపి పిలిచిన నోరు, అలవాటుగా అదే దారిలో పోయింది. మైకులో ఆయన గొంతు వణికింది. "అయ్యో దేవుడా... నెల్డా, తల్లీ, నన్ను..."

"ఉన్నా!" అంది నెల్డా.

గట్టిగా అంది. బడిలో హాజరు పలికినట్టు. ఎదుటి కొండ నుంచి ఆ మాట తిరిగి వచ్చింది... ఉన్నా... అని. అంతకుముందు పిలిచిన ఏ పేరుకీ అలా రాలేదు. అంత పొగమంచులో మాట ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. 

 "వెళ్ళి రండి" అన్నాడు రాయిస్.

"ఎందుకలా పలికావు?" అని గొణిగాను.

"అంతమందిలో వాడి పేరు పిలిస్తే పలికే దిక్కు లేకపోతే ఎలా? వాడి చోటు ఖాళీ అనుకోరూ?"

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. పడవని మెల్లగా ముందుకి పోనిచ్చాను. మలుపు దాటాక ఎడమకి తిప్పబోతే నెల్డా చెయ్యెత్తింది.

"కుడికి."

"కుడికి లారెల్ పాయ."

"తెలుసు."

"అక్కడికొద్దు నెల్డా. ఇంకెక్కడికైనా పోదాం. గెలవకపోతే కొంప మునిగిపోదు."

"చేపలు అక్కడున్నాయి" అంది, నా వైపు తిరక్కుండానే. "నువ్వు రాకపోతే దించెయ్. ఈది పోతాను."

మా ఆవిడకి ఈత రాదు. కుడికి తిప్పాను.

పాయలోకి వెళ్ళేసరికి మిగతా పడవల మోత పూర్తిగా వినపడకుండా పోయింది. పెద్ద ఇంజను ఆపేసి, ముందు భాగానికి వెళ్ళి చిన్న కరెంటు మోటారు దించాను. అది చప్పుడు చెయ్యదు. దాని మీదే సోనార్ ఉంటుంది, పడవ ముందు నీళ్ళలో ఏముందో తెర మీద చూపిస్తుంది. చేపలైతే చుక్కలు. చెట్లయితే నిలువు గీతలు. లారెల్ పాయలో తెర నిండా గీతలే. కొమ్మలతో సహా కనపడతాయి. నెల్డాకి కుదురుగా ఉంటుందని వెనక సీటుకి పంపాను. నడిపే చక్రం పక్కన అక్కడ కూడా ఒక తెర ఉంది.

మొదటి విసురుకే చేప పడింది. పెద్దది. కానీ కొట్టుకోలేదు. బాస్ చేపంటే గాలంలో పడగానే నీళ్ళలోంచి ఎగిరి తల విదిలిస్తుంది, చేతులు లాగేస్తుంది. ఇది నానిన గుడ్డలాగా ఊరికే వచ్చేసింది. దవడ పట్టుకుని పైకి తీస్తే వేళ్ళు కొంకర్లు పోయాయి. అంత చల్లగా ఉంది. పైన నీళ్ళేమో గోరువెచ్చగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. బురద వాసన, తుప్పు వాసన... ఇంకేదో కూడా.

"బతికే ఉందా?" అంది నెల్డా.

"ఉంది. మొప్పలు ఆడుతున్నాయి."

నీళ్ళ తొట్టిలో వేశాను. నెల్డా ఇంకోటి పట్టింది. నేను మరోటి. విసిరితే చాలు పడుతోంది. అన్నీ పెద్దవే, అన్నీ చల్లనివే. ఒక్కటీ కొట్టుకోలేదు. ఏ చేపల వేటగాడైనా అలాంటి పొద్దు కోసం జీవితమంతా ఎదురుచూస్తాడు. నాకు మాత్రం పారిపోవాలనిపిస్తోంది.

అప్పుడు తెర మీద చూశాను.

గీతల మధ్య ఒక గీత. దానికి కొమ్మల్లేవు. పై భాగం కాస్త లావుగా ఉంది. మిగతా చెట్లన్నీ అడుగున పాతుకుని ఉన్నాయి గదా, ఇది అడుగుకి ఆనలేదు. దాని కింద కాస్త ఖాళీ కనపడుతోంది. విరిగిన మాను ఏదైనా తేలుతోందిలే అనుకున్నాను. మోటారు కాస్త ముందుకి నడిపాను. చెట్లన్నీ పడవ వైపు వచ్చి, కిందుగా దాటిపోయాయి. ఆ గీత మాత్రం రాలేదు. ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉంది.

మోటారు ఆపాను. అదీ ఆగింది.

ఎడమకి తిప్పాను. తెర అంచున కాసేపు కనపడకుండా పోయింది. హమ్మయ్య అనుకునేలోపల మెల్లగా తెర మధ్యకి వచ్చి నిలబడింది.

చెట్లు కదలవు.

 నెల్డాకి చెప్పకూడదనుకున్నాను. చెబితే ఆవిడ ఏమనుకుంటుందో నాకు తెలుసు. అదేం కాదు, పెద్ద చేపేదో నిలువుగా తేలుతోంది, జబ్బు చేసి ఉంటుంది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కానీ ఇంకో సంగతి అర్థమైంది. అది ఎక్కడ ఆగితే అక్కడే చేపలు పడుతున్నాయి. పొద్దుట్నుంచీ చేపల వెంట వెళ్తున్నామనుకున్నాను. మమ్మల్ని అదే తీసుకెళ్తోంది. పాయ చివరికి... లోతుకి.

ఐదో చేప కూడా పడింది. తొట్టిలో వేద్దామని మూత ఎత్తాను. నాలుగు చేపలూ పక్కపక్కనే ఒకే వైపు మూతులు పెట్టి ఉన్నాయి. పడవ గాలికి కొంచెం తిరిగింది. చేపలు కూడా నాలుగూ ఒక్కసారే తిరిగాయి. ఏ వైపు తిరిగాయో చూశాను. నా తెర ఆ గీతని ఏ వైపు చూపిస్తోందో, అటే.

చేతిలోని చేపని కూడా లోపల పడేసి మూత వేసేశాను.

"ఐదయ్యాయి. చాలు. పోదాం పద" అన్నాను. మామూలుగా అనాలనుకున్నాను గానీ గొంతు కీచుమంది.

నెల్డా కదల్లేదు. వెనక తెర వెలుగు ఆవిడ ముఖం మీద పడుతోంది.

"నాకూ కనపడుతోంది హోబర్ట్" అంది మెల్లగా. "పాయలోకి వచ్చినప్పట్నుంచీ."

"అది దుంగ."

"దుంగకి భుజాలుంటాయా?"

 ఆవిడ గాలం కర్ర నీళ్ళ వైపు వంగి ఉంది. దారం బిగుసుకుని ఉంది.

"చెట్టుకి చిక్కుకుందా?"

"లేదు."

"చేపా?"

"కాదు... లాగట్లేదు. ఊరికే పట్టుకుని ఉంది."

తెర వైపు చూశాను. గీత లేదు. ఎక్కడా లేదు. ముందున్న సోనార్‌కి పడవ కింద ఏముందో కనపడదు. కిందకి చూసేది నెల్డా పక్కనున్న తెరే. ఆవిడ దాని వైపు చూసి నవ్వింది. జూన్ తర్వాత మా ఆవిడ నవ్వడం చూసింది అప్పుడే.

పడవ పక్క రేకు మీద చిన్న చప్పుడైంది. టక్... టక్. లోపలి నుంచి కాదు.

తర్వాత ఆ గొంతు వినపడింది. నీటి మట్టానికి దగ్గరగా, నోరు సగం నీళ్ళలో ఉన్నట్టు.

"అక్కా..."

రాండల్ గొంతే. అబద్ధం ఎందుకు చెప్పాలి, నా గుండె కూడా వాడి కోసం ఒక్కసారి ఎగిరిపడింది. కానీ రాండల్ ఒక్క మాట అని ఊరుకునే మనిషి కాదు. వాడైతే ఈపాటికి నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉండేవాడు.

"నెల్డా, పలక్కు."

"అక్కా... చెయ్యి."

ఆవిడ లైఫ్ జాకెట్ బకిల్స్ విప్పేస్తోంది. ఒకటి... రెండు. జాకెట్ తీసి సీటు మీద పెట్టింది. పెట్టే ముందు మడతపెట్టింది. రాండల్ జాకెట్ కూడా అలాగే దొరికింది.

"నెల్డా!"

మోకాళ్ళ మీద కూర్చుని, పడవ అంచు మీద నుంచి వంగి, కుడి చెయ్యి నీళ్ళలో పెట్టింది. మణికట్టు దాకా. మోచేతి దాకా. నేను గాలం కర్రలన్నీ తొక్కుకుంటూ వెనక్కి పరుగెత్తాను. భుజం దాకా... చెంప నీళ్ళకి తాకింది. రెండు చేతులతో ఆవిడ నడుం పట్టుకుని లాగాను.

రాలేదు.

నెల్డా బక్కపలచటి మనిషి. నేను రోజూ గ్యాసు సిలిండర్లు ఎత్తేవాణ్ణి. అయినా రాలేదు. కిందనుంచి ఎవరూ లాగుతున్నట్టు కూడా లేదు. ఊరికే పట్టుకుని ఉన్నారు, అంతే. ఆవిడ ఏదో గొణుగుతోంది. ఎవరితోనో మాట్లాడుతోంది. వింటోంది, ఊఁ అంటోంది, మళ్ళీ మాట్లాడుతోంది. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. తిట్టాను కూడా. పడవ అంచుకి కాళ్ళు తన్నిపెట్టి, నడుం విరిగినా సరే అనుకుని వెనక్కి ఒరిగాను.

ఒక్కసారిగా వచ్చేసింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. పడవ ఆ పక్కకి బాగా వంగింది... మళ్ళీ సర్దుకుంది.

నెల్డా చేతికి దెబ్బ లేదు, గీరుడు లేదు. గుప్పిట మాత్రం బిగించి ఉంది. దారం కోసేశాను. చిన్న మోటారు పైకి లాగి పడేశాను. జాకెట్ ఆవిడ మెడలో వేసి, చక్రం దగ్గర కూర్చుని ఇంజను తిప్పాను. మునిగిన చెట్ల మధ్య పెద్ద ఇంజను వేసేవాడు పిచ్చివాడు. వేశాను. అడుగున ఏదో కొట్టుకుంది. ఆగలేదు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి తెర వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

తెర నిండా గీతలు. అడవి మొత్తం. అందులో కొన్నింటి కింద... ఖాళీ ఉంది.

పడవ వేగం అందుకోవడానికి చాలాసేపు పట్టింది. ముక్కు పైకి లేచి దిగనే లేదు. వెనక బరువు ఎక్కువైతే అలా అవుతుంది. ఇంజనుకి దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. ఆ దారంతా నెల్డా సీటులోంచి కదలకుండా కూర్చుంది. నాకదే పదివేలనిపించింది. తెచ్చేశాను, ప్రాణాలతో తెచ్చేశాను అని లోపల్లోపల అనుకుంటూ ఉన్నాను. కళ్ళ నీళ్ళు గాలికి చెవుల్లోకి పోతున్నాయి.

రేవు చేరేసరికి మంచు విడిపోయింది. ఎండ కాస్తోంది. తూకం దగ్గర పిల్లలు పరుగెత్తుతున్నారు, ఎవరో మొక్కజొన్న కాలుస్తున్నారు. లోకమంతా మామూలుగానే ఉంది. పడవ కట్టేసి నెల్డాని దించాను.

రాయిస్ బల్లకట్టు మీద మా కోసమే నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. గార్లండ్ వెనకాల తల వంచుకున్నాడు. చెయ్యి పట్టుకుని నన్ను కాస్త పక్కకి తీసుకెళ్ళాడు రాయిస్.

"మీరు వెళ్ళిన కాసేపటికే ఫోనొచ్చింది హోబర్ట్. ఎన్నిసార్లు చేశానో నీకు. ఆ పాయలో ఫోను పలకదు గదా."

"ఏమైందన్నా?"

"రాండల్ దొరికాడయ్యా. డ్యాం దగ్గర, గేట్ల ముందుండే ఇనప కమ్మీలకి... నిన్న సాయంత్రమే తీశారట. ఆమధ్య కప్పు మీంచి పడ్డప్పుడు కాల్లో వేసిన స్టీలు కడ్డీ చూసి పొద్దున ఖాయం చేశారు. వాడే. అనుమానం లేదు."

డ్యాం సరస్సుకి ఆ చివర ఉంది. లారెల్ పాయ ఈ చివర.  నిన్న సాయంత్రం అంటే మేం పడవ కడుగుతున్నాం. నిన్న సాయంత్రం నుంచీ రాండల్ ఆస్పత్రిలో చల్లటి గదిలో ఉన్నాడు.

"నెల్డాకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు రాయిస్.

చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ వెనకే నిలబడి ఉంది. విన్నది. నాలుగు నెలలుగా ఆ కబురు కోసమే బతికిన మనిషి. కూలబడిపోతుందేమో, పట్టుకోవాలి అని చేతులు చాపాను. కూలబడలేదు. కంట్లో తడి కూడా లేదు.

"అవును" అంది. "రాండల్ అక్కడ లేడు. ఎప్పుడో వెళ్ళిపోయాడట."

"ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు రాయిస్, అయోమయంగా.

నెల్డా నవ్వింది. నన్ను దాటుకుని బండి వైపు నడిచింది. ఆవిడ కుడి చెయ్యి ఒంటికి కాస్త ఎడంగా ఉంది. గుప్పిట ఇంకా విప్పలేదు. భయంతో బిగుసుకుపోయిందని అనుకున్నాను ఇంతసేపూ. ఇప్పుడు వెనకనుంచి చూస్తే అది గుప్పిటలా లేదు. సంతలో ఎవరినైనా తప్పిపోకుండా పట్టుకుని నడిచేటప్పుడు చెయ్యి ఎలా ఉంటుందో, అలా ఉంది.

గార్లండ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "చేపలు నేను చూసుకుంటాలేరా. ముందు నువ్వావిణ్ణి ఇంటికి తీసుకెళ్ళు" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంచివాడు. ఆ చేపల్ని ముట్టుకోవద్దనీ, తొట్టి మూత తియ్యొద్దనీ చెప్పాలనుకున్నాను. ఎందుకో చెప్పలేదు. నాకు అక్కణ్ణించి పోవాలని ఒక్కటే ఉంది.

నా బండిలో ముందు సీటు పొడుగ్గా ఉంటుంది, ముగ్గురు పడతారు. పెళ్ళైన కొత్తలో నెల్డా మధ్యలో కూర్చునేది, నాకు ఆనుకుని. తర్వాత ఎప్పుడూ తలుపు పక్కనే. ఆ రోజు తలుపు తీసుకుని, ఎక్కి, మధ్యకి జరిగింది. నా భుజానికి ఆవిడ భుజం తగిలింది. బట్టలింకా తడిగా ఉన్నాయి. తలుపు తీసే ఉంచింది. బయటికి చూస్తూ కాసేపు ఆగింది. తర్వాత చెయ్యి చాపి వేసేసింది.

"నెల్డా, ఇంటికి పోదాం. ఏమీ ఆలోచించకు" అన్నాను.

"పోదాం. హీటరు పెట్టు హోబర్ట్, చలేస్తోందట."

ఎండ ఫెళ్ళున కాస్తోంది. తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. హీటరు పెట్టాను.

ఠింగ్... ఠింగ్... ఠింగ్...

నా బెల్టు చూసుకున్నాను. పెట్టుకునే ఉన్నాను. నెల్డా కూడా పెట్టుకుంది. ముందు పలకలో ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వెలిగే దీపం అది. నెల్డాకి అవతల, తలుపు పక్క సీటుది. బరువు పడితేనే మోగుతుంది.

అటు చూడలేదు నేను. అద్దంలోంచి రేవు వైపే చూస్తూ కూర్చున్నాను. ఠింగ్... ఠింగ్... పక్కన బట్టలు కదిలిన చప్పుడైంది. నెల్డా ఒరిగి, ఎడమ చేత్తో ఆ పక్క బెల్టు లాగి, ఎవరికో అడ్డంగా తెచ్చి, చాలా జాగ్రత్తగా పెట్టింది. టక్కుమంది.

మోత ఆగిపోయింది.